వంతు మారే ఆదివారం

పోయిన నెల మొదటి ఆదివారం మధ్యాహ్నం, ఉదయగిరి నుంచి ఆత్మకూరు పోయే బస్సులో కూర్చున్న నాకు ఆకలి వేసింది. ఇందులో చెప్పుకోవడానికి ఏముందని మీరు అనవచ్చు. అరవై దాటి, షుగరు మాత్ర వేసుకున్న మనిషికి రెండున్నరకు ఆకలి వేయకపోతేనే ఆశ్చర్యం. కానీ నాకు ముందు నవ్వొచ్చింది, ఆ వెనుకే భయమేసింది. నాకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు ఉదయగిరిలో, చిన్నవాడు ఆత్మకూరులో ఉంటారు. మా ఆయన పోయాక ఒక నెల ఇక్కడ, ఒక నెల అక్కడ ఉంటున్నాను. మొదటి ఆదివారం చర్చి నుంచి రాగానే సంచి సర్దుకొని బస్సెక్కడం మాలో మేము అనుకున్న పద్ధతి. ఆ రోజు బయల్దేరేటప్పుడు పెద్ద కోడలు, "ఇప్పుడు తింటే బస్సులో కడుపులో తిప్పతాది అత్తా, ఆడికి పోయి తిందువులే" అంది. బస్సు ఊరు దాటాక చిన్న కోడలు ఫోన్ చేసి, "తినే బయల్దేరింటావు గదా అత్తా, మేం మా అమ్మోళ్ళింటికి పోతా ఉండాం, తాళం పక్కింట్లో ఇచ్చినాము" అంది. ఇద్దరూ మంచి పిల్లలే, మనసులో ఏమీ ఉంచుకోరు. ఎవరి మాటలోనూ పట్టుకోవడానికి తప్పు దొరకదు. నన్ను భయపెట్టింది అదే. పద్నాలుగేళ్ళ కిందట ఇవే మాటలు నేనూ మా వదినా ఒక పిల్లతో అన్నాం, అదీ ఒకసారి కాదు.

ఆ పిల్ల మా తమ్ముడి కూతురు. కలిగిరి రోడ్డు మీద లారీ గుద్ది మా తమ్ముడు పోయేనాటికి దానికి పన్నెండేళ్ళు. ఏడాది తిరక్కుండానే మా మరదలు కువైట్ పోయింది, ఒక ఇంట్లో వంటపనికి. మా వైపు ఆడవాళ్ళు అట్లా పోవడం కొత్తేమీ కాదు, ప్రతి వీధిలోనూ ఒకరిద్దరు ఉంటారు. ఎవరి పిల్లలకో మూడు పూటలా వండిపెట్టడానికి పోతున్న మనిషి, తన పిల్లకు ఎవరు వండిపెడతారని మమ్మల్ని అడగలేకపోయింది. అడిగితే అనుమానించినట్టు ఉంటుందని కాబోలు. బస్టాండులో పిల్ల చెయ్యి తీసి మా అమ్మ చేతిలో పెట్టి బస్సెక్కింది. మా అమ్మకు అప్పటికే రెండు కళ్ళూ కనిపించవు.

అమ్మ ఉండే పాత ఇల్లు, మా అన్న ఇల్లు, మా ఇల్లు ఒకే వీధిలో, కొండ నీడ సాయంత్రం ముందుగా పడే వైపున ఉన్నాయి. పిల్ల వాళ్ళ అవ్వ దగ్గర పడుకోవాలని అనుకున్నాం, ముసలామెకు తోడు, పిల్లకు నీడ. మరి తిండి సంగతి? పాత ఇంట్లో పొయ్యి లేదు. ఒకసారి అమ్మ చీర చెంగు అంటుకోబోయిందని అన్న గ్యాసు బండ తీసుకుపోయాడు. పదమూడేళ్ళ పిల్ల అన్నం వండుకోలేదా అంటే బ్రహ్మాండంగా వండుకోగలదు. ఆ మాట పిల్లే అడిగింది కూడా. మా అన్నకు కోపం వచ్చింది. "మేమంతా ఉండి ఆ ఇంట్లో వేరే పొయ్యి ఎలిగితే వీధిలో ఏమనుకుంటారు? తల్లినీ తమ్ముడి బిడ్డనీ గెంటేసినారంటారు" అన్నాడు. నేనూ ఔనన్నాను. పరువు మా ఇళ్ళల్లో ఎప్పుడూ పొయ్యి దగ్గరే పీట వేసుకొని కూర్చుంటుంది. అమ్మ గిన్నె ఎప్పటిలాగే వదిన ఇంటి నుంచి పోతుందనీ, పిల్ల మాత్రం ఒక నెల వదిన ఇంట్లో, ఒక నెల మా ఇంట్లో తినాలనీ తేల్చుకున్నాం. వంతు ఏ రోజు మారాలన్నది చర్చి అయ్యగారు చెప్పారు. నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఉంటుంది, రొట్టె విరిచి అందరికీ పంచుతారు, దాన్ని మేము బల్ల ఆదివారం అంటాం. ఆ రోజు రెండు కుటుంబాలూ చర్చిలో ఒకచోటే ఉంటాయి, మరిచిపోవడం ఉండదు, ఆ రోజు మార్చుకోండి అన్నారాయన. మంచి ఆలోచనే. అందరం కళ్ళు మూసుకొని ప్రార్థన చేసుకొని లేచాం. మేము ఎంత మంచివాళ్ళమో ఆ రోజు నాకే ముచ్చటేసింది.

వదిన ఇంటి పద్ధతి వేరు. అన్నకు గొర్రెల వ్యాపారం, చీకటిపడ్డాక ఎప్పటికో వస్తాడు. ఆయన తిన్నాకే ఆడవాళ్ళు కూర్చోవాలి. సజ్జ సంగటి, గోంగూర, నాలుక మండే కారం, పది గంటల భోజనం. మా ఇల్లు దీనికి సరిగ్గా ఎదురు. మా ఆయన బడిపంతులు, ఏడింటికల్లా కంచం ముందు కూర్చోవాలి, ఆయన బీపీ పుణ్యమా అని కూరల్లో ఉప్పు పేరుకే ఉండేది. ఒక నెలంతా పదింటి దాకా ఆకలిని బుజ్జగించడం నేర్చుకున్న కడుపు, మా వంతు రాగానే ఏడింటికి అన్నం చూసి మొహం తిప్పుకునేది. ఏడింటికి తినడం అలవాటయ్యేసరికి మళ్ళీ వదిన నెల వచ్చేది. "ఏందిమే, పిట్ట మాదిరి కెలకతా ఉండావు?" అని నేను అంటే, "చాలు అత్తా" అనేది. ఆ వయసులో నా కొడుకులిద్దరూ బడి నుంచి రాగానే బూట్లతోనే వంటింట్లోకి వచ్చి, ప్రతి గిన్నె మూతా తీసి చూసి, "ఇదేనా?" అని విసుక్కొని, విసుక్కుంటూనే సగం ఖాళీ చేసేవాళ్ళు. ఆ పిల్ల రెండేళ్ళ పైచిలుకు మా ఇంట్లో నెల విడిచి నెల తిన్నది. ఒక్క రోజు కూడా ఒక్క గిన్నె మీది మూత తీయలేదు. నేను పెట్టిందే తినేది, మారు అడిగేది కాదు, మటన్ కూర అయితే మాంసం వద్దని బంగాళదుంప ముక్కలే పెట్టించుకునేది. ఎంత బుద్ధిమంతురాలో అని నేను వీధి వీధికీ చెప్పాను. పెరిగే పిల్ల అన్నం దగ్గర బుద్ధిగా ఉందంటే ఎక్కడో ఏదో తేడా ఉందని అర్థం. ఆ మాట నాకు తట్టలేదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. నేను మేనత్తను, నా కొడుకులు దానికి బావలు. పిల్ల పెద్దమనిషి అయ్యాక మా వదిన ఒకరోజు కుళాయి దగ్గర నలుగురి ముందు, "కోడలికి ఇప్పటినించే నీ చేతి వంట అలవాటు చేస్తా ఉండావా?" అని నవ్వింది. సరదాకే అంది. నాకు మాత్రం అది సూదిలా దిగింది. ఆ రోజు నుంచి మా మగపిల్లలు ఇంట్లో ఉండగా దాన్ని నడవలో కూర్చోనివ్వలేదు. వంటింటి వెనుక, అంట్లు తోమే గట్టు పక్కన పీట వేసి పెట్టేదాన్ని. త్వరగా తినెయ్ మే, వాళ్ళొచ్చే వేళయింది అనేదాన్ని. నాలుగు నిమిషాల్లో తినడం, నీళ్ళు తాగడం, కంచం కడిగి బోర్లించడం, చీకటి ముదరకముందే వీధి దాటి అవ్వ దగ్గరికి పోవడం అది నేర్చుకుంది. ఇప్పటికీ అది అంత వేగంగానే తింటుందని దాని స్నేహితురాలు ఎవరో చెప్పగా విన్నాను.

నేను చేసిన ఉద్యోగం చెబితే మీకు నవ్వొస్తుంది. నేను అంగన్‌వాడీ టీచర్‌ని. పిల్లలను తూకం వేసి బరువు తగ్గినవాళ్ళ పేర్లు ఎర్ర సిరాతో రాయడం, వాళ్ళ తల్లులను పిలిచి గుడ్డు ఎందుకు పెట్టాలో చెప్పడం నా పని. ఎవరి పిల్ల చేతులు సన్నబడ్డాయో వీధి చివర నుంచే చెప్పగలనని నాకు పేరుండేది. కానీ నా తక్కెడ ఆరేళ్ళ లోపు పిల్లలది. ఎదిగిన ఆడపిల్లలకు రక్తం పట్టే మాత్రలు పంచే పని కూడా ఉండేది. మా పిల్లకు కూడా ఇచ్చాను, అందరికీ చెప్పే మాటే చెప్పాను, "అన్నం తిన్నాకనే ఏసుకోవాల మే, ఒట్టి కడుపున ఏసుకుంటే వాంతి వస్తాది." అది తలూపింది. చెప్పిన పాఠం నాదే, ఆ ఒట్టి కడుపు మాదే.

ఇక ఆ ఆదివారం సంగతి చెప్పాలి, అన్నిటికంటే కష్టం అదే. మా వదిన లెక్కలో నెల వంతు శనివారం రాత్రి గిన్నెలు కడగడంతో తీరిపోయేది. ఆదివారం తెల్లవారితే పిల్ల నా ఇంటి మనిషి. నా లెక్కలో కొత్త వంతు బల్ల తీసుకున్న తర్వాత, ఆ సాయంత్రం నుంచి మొదలు. పొద్దున్నే టిఫిను ఎటూ లేదు, బల్ల తీసుకునే రోజు టీ చుక్క తప్ప ఏమీ ముట్టకపోవడం మా పెద్దల నాటి అలవాటు, పిల్లలకూ అంతే. ఒంటిగంటకు చర్చి వదిలాక గేటు దగ్గర నేను దాని భుజం తట్టి, "పెద్దమ్మ కాడ తినేసి రాత్రికి రా మే" అనేదాన్ని. పది అడుగులు పోయాక వదిన దాని చేతికి అమ్మ గిన్నె ఇస్తూ, "అవ్వకిచ్చి అత్త కాడికి పో, ఈ దినం నుంచి ఆడనే గదా" అనేది. మా వంతు తీరి వదిన వంతు మొదలయ్యే నెలలో ఇద్దరి లెక్కలూ తలకిందులయ్యేవి, ఇవే మాటలు అటువి ఇటు, ఇటువి అటు. ఆదివారం మధ్యాహ్నం అంటే తెలుసు కదా, వీధి మొత్తం మసాలా వాసన. వారంలో అన్నిటికంటే పెద్ద భోజనం ఆ పూటే. రాత్రికి రెండిళ్ళల్లోనూ పొయ్యి వెలిగేది కాదు, అందరికీ మధ్యాహ్నం తిన్నది అరగాలి. అది వస్తే, "మజాన్నం గట్టిగా తినుంటావు గదా, మజ్జిగ తాగి పో" అని గ్లాసు ఇచ్చేదాన్ని. శనివారం రాత్రి తిన్న పిల్ల, సోమవారం మా ఇళ్ళల్లో టిఫిను కాకముందే బడికి పోతుంది కాబట్టి, అక్కడ మధ్యాహ్న భోజనం గంట దాకా ఆ మజ్జిగ మీదే ఉండేది.

చెప్పవచ్చు కదా అంటారు. చెప్పింది, ఒక్కసారి. రెండోసారి వంతు మారిన ఆదివారం, నాలుగు గంటలప్పుడు వచ్చి గుమ్మం బయటే నిలబడి, "అత్తా, నేనింకా తిన్లేదు" అంది. కూర ఇంకా మిగిలే ఉంది, అన్నం ఉంది. నేను చేయవలసింది కంచం తీయడం. నేను చేసింది చెంగు బిగించి వదిన ఇంటికి పోవడం. "తల్లి లేని బిడ్డకు ముద్ద పెట్టకుండా పంపినావే, ఒక పూట కూడుకు కూడా లెక్కలేనా?" అని గుమ్మంలో నిలబడి అరిచాను. వదిన ఊరుకునే మనిషి కాదు, "వంతు నీది పెట్టుకొని నా మీదికొస్తావా, పిల్లను అడ్డం పెట్టుకొని నన్ను రోడ్డుకీడస్తావా?" అని వీధిలోకి వచ్చింది. మా తగాదా చూడటానికి జనం భోజనాల చేతులు కడుక్కొని మరీ వచ్చారు. అన్న, మా ఆయన పది రోజులు మొహాలు చూసుకోలేదు. అరుపులు సద్దుమణిగేసరికి దీపాలు పెట్టే వేళయింది. ఆ రోజు కూడా ఆ పిల్లకు అన్నం పెట్టాలని మా ఇద్దరిలో ఒక్కరికీ గుర్తు రాలేదు. మరుసటి నెల నుంచి, ఏ గుమ్మంలో ఎవరు అడిగినా దాని జవాబు ఒకటే: "తిన్నాను." ఆ మాటతో రెండిళ్ళూ చల్లగా ఉన్నాయి. నాకూ ఎంతో సుఖంగా ఉండేది ఆ మాట వినడానికి.

ఒక్క మా అమ్మ నమ్మలేదు. కళ్ళు లేని మనిషికి చెయ్యే కన్ను. సాయంత్రం పిల్లను దగ్గరికి లాక్కొని పొట్ట మీద చెయ్యి వేసి తడిమేది. ఒకరోజు నేను పోయినప్పుడు, "బిడ్డ కడుపు ఈపుకు అతుక్కోని ఉండాదే. తిన్నానంటాది, తిన్లేదు. మీరిద్దరూ ఏం పెడతా ఉండారే?" అంది. నేను కసురుకున్నాను. "ఇద్దరిళ్ళల్లో తినే పిల్లకు కడుపు మాడతాదా? నీకు వయసొచ్చి చాదస్తం ఎక్కవైంది" అన్నాను. అమ్మ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. తర్వాత తెలిసింది, బల్ల ఆదివారం నాడు వదిన పంపిన గిన్నెలో అన్నాన్ని అమ్మ తన చెక్క గరిటెతో మధ్యకు గీత గీసి, ఒక సగం తిని రెండో సగం దానికి పెట్టేదట. ఉదయగిరి చెక్క గరిటె అది, మా నాయన కొనిచ్చింది, వేళ్ళు వంకర పోయాక అమ్మ దాంతోనే తినేది. ముసలామె ఒంటిపూట గిన్నె ఎంతుంటుంది? దాంట్లో సగం. అయినా ఆ సగమే దానికి ఈ లోకంలో ఎవరూ వంతు వేయని అన్నం.

అమ్మ ఎండాకాలం చివర్లో పోయింది. పిల్ల అప్పుడు పదో తరగతిలోకి వచ్చింది. పాత ఇంటికి తాళం వేసి, పడక కూడా వంతుల్లోకి మార్చాం. ఆ రోజుల్లోనే ఒకనాడు దాని బడి గౌను ఉతకబోతే జేబులో గుప్పెడు పచ్చి బియ్యం కనిపించాయి. మా డబ్బాలోవి. రక్తం తక్కువైన ఆడపిల్లలు బియ్యం, బలపాలు నములుతారని ట్రైనింగులో నాకు చెప్పారు, నేను పది మంది తల్లులకు చెప్పాను. ఆ గుప్పెడు చూసినప్పుడు నాకు ఆ పాఠం గుర్తు రాలేదు. అంగన్‌వాడీ సెంటరు బియ్యం ఇంట్లో కనిపిస్తే నా ఉద్యోగం పోతుందన్న భయం ఒకటి ఎప్పుడూ ఉండేది, అది గుర్తొచ్చింది. "అడిగితే పెట్టనా? దొంగ బుద్ధి యాడ నేర్చినావు మే?" అన్నాను. మా అబ్బాయిలిద్దరూ అక్కడే ఉన్నారు. అది ఏడవలేదు. ఆ బియ్యం తీసుకుపోయి మళ్ళీ డబ్బాలో పోసి, మూత గట్టిగా బిగించి వచ్చింది. మా ఇంట్లో అది ముట్టుకున్న మూత అదొక్కటే.

తర్వాతి బల్ల ఆదివారం ఎప్పటిలాగే జరిగింది. పంచుకోవడానికి అవ్వ గిన్నె లేదు. సోమవారం బడిలో ప్రార్థనకు నిలబడిన పిల్ల నిలబడినట్టే పడిపోయింది. సిమెంటు మెట్టు అంచు తగిలి ముందు పళ్ళు రెండు విరిగాయి, గడ్డం చీరుకుపోయింది. 108లో ఆత్మకూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. నేనూ వదినా వెనుక ఆటోలో పోయాం, దారంతా ఒకరి చెయ్యి ఒకరం పట్టుకొని ఏడ్చాం. పరీక్షలు చేసిన డాక్టరమ్మ కాగితం చూస్తూ, ఈ పిల్ల ఒంట్లో రక్తం సగానికి సగం కూడా లేదంది. తర్వాత తలెత్తి, "నిన్నటి నుంచి ఏం తిన్నది?" అని అడిగింది. నేను వదిన వైపు చూశాను. వదిన నా వైపు చూసింది. "నీ కాడ తినింది గదా?" అంది వదిన. "లేదే, నీ కాడ..." అన్నాను నేను. డాక్టరమ్మ కాగితం పక్కన పెట్టి మమ్మల్ని ఇద్దరినీ చూసింది. మంచం మీద, మూతికి గుడ్డ అడ్డం పెట్టుకొని, ఆ పిల్ల ఎప్పటి మాటే అంది, "తిన్నాను మేడం." మా ఇద్దరినీ కాపాడటానికి అంది. పదిహేనేళ్ళ పిల్ల, నోటినిండా రక్తం పెట్టుకొని. నేను అప్పుడే అక్కడే భూమిలోకి పోయి ఉంటే బాగుండేదని ఈ పద్నాలుగేళ్ళలో ఎన్నిసార్లు అనుకున్నానో లెక్కలేదు. ఆసుపత్రిలో ఉన్న వారం రోజులూ నేను ఒక క్యారియరు, వదిన ఒక క్యారియరు పోటీపడి తీసుకుపోయాం. ఆ పిల్ల రెండూ మూత తీయకుండా పక్క మంచాలవాళ్ళకు ఇచ్చేసి, ఆసుపత్రిలో పెట్టే రొట్టె, పాలు తీసుకునేది.

మా మరదలు కువైట్ నుంచి వచ్చి నెల్లాళ్ళుండి పోయింది. మమ్మల్ని ఒక్క మాట అనలేదు, అంటే బాగుండేది. పోతూ పోతూ పిల్లను ఆత్మకూరులో హాస్టల్లో చేర్చింది. ఇంటర్ కూడా అక్కడే చదివింది. ఆ హాస్టల్ తిండి గురించి పిల్లలంతా తిట్టేవాళ్ళు, చారులో నీళ్ళు తప్ప ఏమీ లేవనేవాళ్ళు. నేను చూడటానికి పోతే ఇది మాత్రం చాలా బాగుంటుందంది. ముఖంలో కాస్త కండ కూడా పట్టింది. ఏం బాగుంటుంది మే అని అడిగాను. "ఈడ ఎవురూ తిన్నావా అని అడగరత్తా. గంట కొడతారు, పోతాం, పెడతారు" అంది. నేను తీసుకుపోయిన అరిసెలు తీసుకొని థాంక్స్ చెప్పి పక్క పిల్లలకు పంచింది. ఒక్కటీ తను తినలేదు. ఆ తర్వాత పెళ్ళిళ్ళకు, క్రిస్మస్‌కు, మా ఆయన కార్యానికి, ఎన్నో సార్లు మా ఇంటికి వచ్చింది. గౌరవానికి లోటు లేదు, అంట్లు తోమింది, వడ్డించింది, నాకు జ్వరమొస్తే కాళ్ళు పట్టింది. కంచం పెట్టబోతే మాత్రం "తిన్నానత్తా". వదిన ఇంట్లోనూ అదే మాట. వదిన పోయేముందు తన చేత్తో ఒక ముద్ద తినమని అడిగిందట. "ఇప్పుడే తిన్నాను పెద్దమ్మా" అందట.

ఇప్పుడది ఆత్మకూరులోనే ఒక ల్యాబులో పనిచేస్తుంది. జలదంకి నుంచీ చేజర్ల నుంచీ వచ్చే ఆడపిల్లలకు రక్తం తీసి పరీక్ష చేస్తుందట. ఆ మధ్య ఫోనులో నా సంగతులు అడిగితే, వంతుల మాట నవ్వుతూనే చెప్పాను, మొదటి ఆదివారానికి ఇల్లు మారతానని. అంతా విన్నది. తర్వాత, "ఏ బస్సుకొస్తావత్తా?" అని మాత్రం అడిగింది.

ఆ రోజు బస్సు దిగేసరికి బస్టాండులో సిమెంటు బల్ల మీద ఒడిలో స్టీలు క్యారియరు పెట్టుకొని కూర్చొని ఉంది. నన్ను చూసి లేచి సంచి అందుకుంది. "మొదటి ఆదివారం గదా అత్తా. తినుండవని తెలుసు" అంది. దెప్పుతున్నట్టు లేదు. వాన వస్తుందని తెలిసి గొడుగు తెచ్చిన మనిషి గొంతులా ఉంది. క్యారియరు మూత తీసింది, పొట్టేలు కూర, వేడన్నం, నా షుగరుకని వేరుగా సజ్జ సంగటి ముద్ద. ఆకలికి సిగ్గుండదంటారు, నాకు సిగ్గూ ఉంది, ఆకలీ ఉంది. నాలుగు ముద్దలు తిన్నాక చెయ్యి ఆపాను. "ఆ దినాల్లో నేను నిన్ను..." అని మొదలుపెట్టాను. "చల్లారిపోతాది, తిను అత్తా" అంది. అడ్డం పడిన ఆ మాట వెనుక ఏముందో, క్షమించిందో, క్షమించడానికి ఇంకా తీరలేదో నాకు తెలియదు. అడగను కూడా. మంచినీళ్ళ సీసా మూత తీసి నా పక్కన పెట్టింది.

చివరికి అడిగాను. అడగకుండా ఉండలేకపోయాను. "నువ్వు తిన్నావా మే?" ఆ పిల్ల నవ్వింది. విరిగిన పళ్ళ చోట కట్టించుకున్న పళ్ళు మిగతావాటికంటే కాస్త తెల్లగా ఉంటాయి. "తిన్నానత్తా" అంది. మూడు గంటలైంది, ఎండ బస్టాండు రేకుల మీద మండుతోంది. మా అమ్మ అయితే చెయ్యి చాపి పొట్ట తడిమి నిజం తెలుసుకునేది. నా కుడి చేతికి కూర అంటుకొని ఉంది, ఎడమ చెయ్యి ఖాళీగానే ఉంది, అయినా చాపలేకపోయాను. ఆ చెయ్యి వేయవలసిన రోజులు ఎప్పుడో దాటిపోయాయి. ఖాళీ గిన్నెలు ఒకదాని మీద ఒకటి పేర్చి, మూత బిగించి, నన్ను ఆటో ఎక్కించి అది వెళ్ళిపోయింది. కాలం అన్నిటినీ మరిపిస్తుందని మా చర్చి అయ్యగారు చాలాసార్లు చెప్పారు, మరిపిస్తుంది కూడా కాబోలు. ఆ పిల్ల నా ఎదుట ఒక్క ముద్ద తిని మాత్రం పద్నాలుగేళ్ళయింది.